ఫైబర్ తెప్పకి కాల్చి అతుకు వేయలేమా?

కళింగపట్నం

పిల్లలూ,

మన తెప్ప అడుగున పగులు చూసి, "ప్లాస్టిక్కే కదా తాతా, బకెట్టుకి వేసినట్టు కాల్చి అతుకు వేసేయొచ్చు కదా" అని అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో చెప్తే తేలదని రాస్తున్నాను.

ప్లాస్టిక్కుల్లో రెండు జాతులున్నాయి. బకెట్టు, పీవీసీ గొట్టం థర్మోప్లాస్టిక్కులు. వేడికి మెత్తబడతాయి, చల్లారితే గట్టిపడతాయి, మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడతాయి. అందుకే చువ్వ కాల్చి పెడితే బకెట్టు అతుక్కుంటుంది. రెండోది థర్మోసెట్. దీంట్లో పొడుగాటి అణువుల మధ్య వలకి పడ్డట్టు ముడులు పడిపోతాయి. ఒకసారి గట్టిపడ్డాక వేడిచేసినా కరగదు, మాడుతుంది. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన బేకలైట్ ఈ జాతిదే. కుక్కరు పిడి చూడండి, పొయ్యి మీద కరగదు. మన తెప్పదీ ఇదే జాతి.

గట్టిపడకముందు ఉండే చిక్కటి ద్రవమే రెజిన్. తెప్పలకి ఎక్కువగా వాడేది పాలియెస్టర్ రెజిన్. తెప్పలు చేసే షెడ్డులో ముక్కు పగిలేలా వచ్చే వాసన అందులో కలిపిన స్టైరీన్ అనే ద్రవానిది. కిలో రెజిన్‌కి ఇంచుమించు 10 నుంచి 20 మిల్లీలీటర్ల కేటలిస్టు, అంటే రెజిన్‌ని గట్టిపరిచే మందు, వేస్తాం. షెడ్డులో అందరి నోటా అదే మాట గానీ, పుస్తకాల్లో దాన్ని ఇనీషియేటర్ అంటారు, ఎందుకంటే అది పని మొదలుపెట్టి తానూ ఖర్చయిపోతుంది. కోబాల్ట్ అనే ఇంకో మందు ఆ పనిని తొందరపెడుతుంది. ఈ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలిపోతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్టు. కాసేపటికి డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ముడులు పడుతున్నాయన్నమాట.

రెజిన్లంటే ఫ్యాక్టరీ సరుకే అనుకోకండి. ఇంట్లో ధూపం వేసే గుగ్గిలం చెట్టు ఇచ్చే రెజిన్. మన పలాసలో జీడిపిక్కల తొక్కలుంటాయే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే ఆ నూనెతో కూడా రెజిన్ చేస్తారు. బండి బ్రేకు లైనింగుల్లోకి వెళ్తుంది. ఉద్దానం పిల్లలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

అయితే ఒట్టి రెజిన్‌తో తెప్ప చేస్తే మొదటి కెరటానికే పెళుసుగా విరిగిపోతుంది. బలమిచ్చేది ఫైబర్, అంటే గాజు నార. గాజు విరిగిపోతుంది కదా అంటారా? 10, 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) సన్నపు పోగుగా లాగితే వంగుతుంది, లాగుడికి గట్టిగా నిలబడుతుంది. 1920ల మొదట్లో గ్రిఫిత్ అనే ఆయన దీని కారణం చూపించాడు: పోగు సన్నబడేకొద్దీ అందులో పెద్ద బీటలకి చోటుండదు. తునకలు పరిచిన మ్యాట్, బట్టలా నేసిన రోవింగ్ రెండూ ఆ నారే. లాగుడు నార భరిస్తుంది, నారని కదలకుండా పట్టి ఉంచి నీరు తగలనివ్వనిది రెజిన్. ఇలా ఎవరి గుణం వాళ్లకి ఉంటూ కలిసి పనిచేసేదాన్ని కాంపోజిట్ అంటారు. కంచు అలా కాదు, అందులో రాగి, తగరం కరిగి ఒకటైపోతాయి. గడ్డి కలిపి పెట్టిన మట్టిగోడ మాత్రం కాంపోజిటే. ఫైబర్ తెప్ప అని అందరం అంటాం గానీ, ఒట్టి ఫైబర్ బట్టలా మడతపడిపోతుందర్రా.

ఇక మీ ప్రశ్న. కాల్చి అతకలేం కాబట్టి, పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి. అంచు నిట్టనిలువుగా ఉంటే కొత్త పొర పట్టు చాలక ఊడొస్తుంది. తడి, ఉప్పు పూర్తిగా పోవాలి. చిన్న మ్యాట్ ముక్క నుంచి పెద్దదానికి పొరపొరగా వేస్తూ, రోలరుతో గాలిబుడగలు తరిమేయాలి. బుడగ మిగిలితే అక్కడే పొర విడిపోతుంది. దాన్నే డీలామినేషన్ అంటారు.

మీరు సెలవులకి వచ్చేదాకా ఆ పగులు అలాగే ఉంచుతాను. ఫుల్ చేతుల పాత చొక్కాలు తెచ్చుకోండి, గాజు నూగు ఒంటికి తగిలితే దురద. మాస్కులు నా దగ్గరున్నాయి.

మీ తాత