అద్దె గదులవారూ ఆ ఊరివారే: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం 2008లో నగరపాలక సంస్థ అయింది. పట్నం పెరిగి కలుపుకున్న పల్లెల్లో ఇప్పుడు వరుస గదులే ఎక్కువ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, గజపతి కొండల నుంచి వచ్చిన కూలీలు వాటిలో ఉంటారు. ఆ గదులను కూల్చి కొత్తవి కట్టే ముందు అక్కడ ఇంటింటి సర్వే చేయడం నా పని.

అపోహ: అద్దెకున్నవాళ్లు నేడో రేపో పోయేవాళ్లు, లెక్కెందుకు?

వాస్తవం: ఒక వరుసలో ఎనిమిది గదులు, అందరికీ ఒకటే కుళాయి. మా సర్వే కాగితంలో ఉన్నది ‘ఇంటి యజమాని’ గడి ఒక్కటే. ఆ పేరు రాయగానే ఎనిమిది కుటుంబాలు ఒక్క ఇల్లయిపోయాయి. మూడో గదిలో ఇడ్లీ బండి నడిపే అక్క పదకొండేళ్లుగా అక్కడే ఉంటోంది. రాత్రి రుబ్బిన పిండి గిన్నెలను తెల్లవారుజామున నాలుగింటికి గుమ్మం ముందున్న బండిలో సర్దుకుంటుంది. ఆమెకు నాలుగో అంతస్తులో గది ఇస్తే బండి ఎక్కడ పెట్టుకోవాలి? “నా పేరు రాసుకోలేదేం బాబూ, అద్దె కట్టేది నేనే కదా” అంది. ఆ రోజు నుంచి నేను తలుపులు కాదు, పొయ్యిలు లెక్కపెడుతున్నాను.

అపోహ: పట్టాలిస్తే సమస్య తీరినట్టే.

వాస్తవం: ఒడిశా 2017లో చట్టం తెచ్చి, 2018లో జగా మిషన్ మొదలుపెట్టింది. ప్రభుత్వ భూమిలోని బస్తీలవారికి వారసులకు చెందే హక్కు వచ్చింది, అమ్ముకునే వీలు లేకుండా. మెచ్చుకోవలసిన పని. కానీ పాత పల్లెలో గది ఉన్నది ప్రైవేటు స్థలంలో. అద్దెవారికి ఆ పట్టా వర్తించదు. వారికి కావలసింది కూల్చివేతకు, కొత్త కట్టడానికి మధ్య నిలువనీడ, ఆ తర్వాత అదే పేటలో భరించగల అద్దెకు గది.

అపోహ: యజమానులు ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: చైనాలోని షెన్‌జెన్‌లో బైషిజౌ అనే నగరగ్రామంలో (నగరం చుట్టుముట్టిన పాత పల్లెలో) సుమారు లక్షన్నర మంది ఉండేవారని అంచనా. ఎక్కువమంది అద్దెవారే. 2019లో ఖాళీ చేయమన్నప్పుడు పిల్లల బడి ఏమవుతుందని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నారు.

అపోహ: కూల్చకుండా బాగుచేస్తే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: అదే నగరంలోని షుయివెయ్‌లో 29 భవనాలను కూల్చకుండా 504 గదులుగా మలిచారు. అవి అర్హతగల ఉద్యోగులకు వెళ్లాయి. గోడలు మిగిలాయి, పాత అద్దెవారికి చోటు మిగలలేదు.

మీ వార్డుకు సర్వే వస్తే యజమాని చెప్పేదాకా ఆగకండి. మీ పేరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అద్దె ఎంత అన్నవి రాయించండి. రశీదు లేకపోతే కరెంటు సబ్‌మీటరు చిట్టా, పిల్లల బడి కాగితం చూపండి.