కాఫీ ధర, రైతు వాటా: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కాఫీ పొడి దుకాణం ముందు ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఈ మాటలు వినిపిస్తాయి. గింజల కొనుగోలు, రోస్టింగ్ పనిలో ఉన్నవాళ్లం కాబట్టి లెక్కతో సహా చెబుతున్నాం.

అపోహ: కాఫీ రేటు పెరిగిందంటే రైతు పంట పండినట్టే.

రేటు పెరిగిన నెలలో రైతు దగ్గర సరుకు ఉందా? అది ముందు చూడాలి. మన అరబికా (కాఫీలో ఒక రకం) కోత నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతుంది. కోత కూలీ ఎప్పటికప్పుడు ఇవ్వాలి, అప్పు వాయిదా కూడా అప్పుడే కట్టాలి. అందుకే చిన్న రైతు కళ్లంలోనే అమ్మేస్తాడు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా పౌనుకు (సుమారు 450 గ్రాములు) 4 డాలర్లు దాటింది. ఆ రోజుకు గింజలు ఎవరి గోదాములో ఉన్నాయో లాభం వాళ్లదే. 2001లో అదే ధర 50 సెంట్ల కిందకు జారినప్పుడు మాత్రం దెబ్బ నేరుగా రైతుకే తగిలింది.

అపోహ: ఖరీదైన కప్పు తాగితే రైతుకు ఎక్కువ వెళ్తుంది.

కిలో పచ్చి గింజలు 400 రూపాయలు అనుకుందాం. వేయిస్తే బరువులో దాదాపు ఆరో వంతు పోతుంది. కేఫ్‌లో 300 రూపాయల కప్పుకు 18 గ్రాముల పొడి, అంటే 22 గ్రాముల లోపు పచ్చి గింజలు: 9 రూపాయల లోపే. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్) 20 రూపాయల ఫిల్టర్ కాఫీకి, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) పోను, 8 గ్రాముల పొడి పడితే 4 రూపాయలు. మిగతాదంతా అద్దె, పాలు, జీతాలు. చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. మిగతా వంతుకు మనం కట్టేది కాఫీ తోటకు చేరదు.

అపోహ: దళారిని తీసేస్తే చాలు, అంతా న్యాయమే.

ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేదీ, లారీ పంపేదీ చాలాచోట్ల అతనే. తేడా వచ్చేది అవుట్‌టర్న్, అంటే పొట్టు తీశాక మిగిలే గింజ లెక్క దగ్గర. గుజ్జు తీసి, కడిగి, ఎండబెట్టిన గింజే పార్చ్‌మెంట్. మీద పొట్టు ఇంకా ఉంటుంది. 50 కిలోల బస్తాకు పొట్టు పోను ఎంత గింజ నిలుస్తుందో దాని మీదే డబ్బు. పావుకిలో నమూనా పొట్టు తీసి తూస్తే 203 గ్రాములు వచ్చిందనుకోండి, బస్తాకు 40.6 కిలోలు. పొట్టు తీసే యంత్రం మూలల్లో 3 గ్రాముల గింజలు ఇరుక్కుని 200 అనే రాశారా, బస్తాకు 600 గ్రాములు పోయినట్టే. 400 లెక్కన 240 రూపాయలు. అందుకే యంత్రాన్ని బ్రష్‌తో దులిపాకే తూకం వేయాలి.

తేమ సంగతీ అంతే. పార్చ్‌మెంట్‌కు 10 శాతం ప్రమాణం. 12 ఉంటే 50 కిలోలకు న్యాయంగా కోయాల్సింది 1.1 కిలోలు. రెండు కిలోలు కోస్తే ఒప్పుకోకూడదు. భయపడి 8 శాతానికి ఎండబెట్టినా నష్టమే, అదే 1.1 కిలోలు ఊరికే ఇచ్చేసినట్టు. నమూనాను ప్రతి బస్తాలో పైన, మధ్య, అడుగు నుంచి తీసి కలపాలి. సగం సీలు వేసి, ఇద్దరూ సంతకం పెట్టి రైతు దగ్గర ఉంచాలి. పేచీ వస్తే దాన్నే మళ్లీ పరీక్షిస్తారు. ఈ ఒక్క అలవాటు లేకే ఎక్కువ మంది నష్టపోతున్నారు.

పండ్లుగానే అమ్మేసే అరకు వైపు రైతులు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి: సుమారు 6 కిలోల పండ్లకు కిలో గింజ. పండు ధరను ఆరుతో గుణించి గింజ ధరతో పోల్చి చూసుకోవాలి.

అపోహ: కాఫీ బోర్డు పూలింగ్ (రైతులందరి కాఫీని బోర్డే తీసుకుని కలిపి అమ్మే పద్ధతి) తిరిగి వస్తే చాలు.

1996లో పూర్తిగా ఎత్తేసిన ఆ పద్ధతిలో డబ్బు వాయిదాల మీద వచ్చేది. కోత కూలీ మాత్రం ఎప్పటికప్పుడు ఇవ్వాల్సిందే కదా.

అపోహ: ప్యాకెట్ మీద ఫెయిర్‌ట్రేడ్ ముద్ర (కనీస ధరకు హామీ ఇచ్చే గుర్తు) ఉంటే రైతు చేతికి ఆ కనీస ధర అందినట్టే.

2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు, అంటే కిలోకు దాదాపు 4. మార్కెట్ అంతకన్నా పైన ఉంటే మార్కెట్ ధరే. పైన ఇచ్చే 20 సెంట్ల ప్రీమియం రైతుల సంఘానికి చేరుతుంది, ఖర్చు వాళ్లు కూర్చుని నిర్ణయించుకుంటారు. అది మంచిదే. కానీ ఆ 1.80 ఓడ ఎక్కించే దగ్గరి ధర. పొట్టు తీయడం, గ్రేడింగ్, గోనె సంచులు, రేవు దాకా లారీ బాడుగ, సంఘం ఖర్చులు అందులోంచే పోతాయి. ప్యాకెట్ మీద రైతుకు చెల్లించిన ధర అని రాసి ఉంటే, అది రేవు ధరా, తోట ధరా, ఏ నెలలో చెల్లించారని దుకాణంలో అడగండి.