పడవ వెనక ఆ గరగర ఎక్కడిది?

పిల్లలూ,

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుకోవడానికి మీ నాన్నలు కలిసి కొన్న సెకండ్ హ్యాండ్ పడవ వెనక నుంచి గరగరమని మోత వస్తోందనీ, ఎన్నాళ్లైనా తగ్గడం లేదనీ రాశారు. ఎవరో ఫోన్లోనే విని డ్రైవ్ మొత్తం మార్చేయమన్నారట. అప్పుడే ఆ టెన్షన్ వద్దు. ఇన్నేళ్లు పడవల రిపేర్లలోనే గడిపినవాడిగా చెబుతున్నాను, మోత ఎక్కడ పుడుతోందో తేలేదాకా ఒక్క సామాను కూడా కొననివ్వకండి.

మీ పడవలో ఇంజిన్ లోపల, వెనక గోడకు దగ్గరగా ఉంటుంది. గేర్లు, ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట నీళ్లలో ఉంటుంది. దీన్నే స్టెర్న్‌డ్రైవ్ అంటారు. వోల్వో పెంటా 1959లో, మెర్‌క్రూజర్ 1961లో ఈ ఏర్పాటును జనంలోకి తెచ్చాయి. ఇంజిన్ వెనక రబ్బరు కప్లర్ ఉంటుంది. అందులోకి దూరిన షాఫ్టును గోడ దగ్గర గింబల్ బేరింగ్ పట్టుకుంటుంది. ఆ వెంటనే రెండు యూనివర్సల్ జాయింట్లు, తర్వాత పై గేర్లు, నిలువు షాఫ్టు, కింది గేర్లు, చివర్న ప్రొపెల్లర్. కాలు కుడి ఎడమలకు తిరిగినా, పైకి లేచినా షాఫ్టు ఆగకుండా తిరుగుతోందంటే ఆ జాయింట్ల పుణ్యమే. వాటిలోకి నీళ్లు పోకుండా హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు బెలోస్ కప్పి ఉంటుంది.

ఇంజిన్ న్యూట్రల్‌లో ఉంటే ప్రొపెల్లర్ తిరగదు. కానీ షాఫ్టు, గింబల్ బేరింగ్, జాయింట్లు తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి న్యూట్రల్‌లో కూడా మోత వస్తోందంటే ప్రొపెల్లర్ మీద అనుమానం అక్కర్లేదు. గేర్ వేసి నీళ్లలో వేగం పెంచినప్పుడే వస్తే మాత్రం కింది గేర్లనూ ప్రొపెల్లర్‌నూ చూడాలి. రెక్క వంగితే మోత కంటే ముందు వణుకు తెలుస్తుంది.

ఈ పరీక్ష ట్రైలర్ మీదే చేయొచ్చు, పెద్దవాళ్లు దగ్గరుంటేనే. ఆరుబయట పెట్టి, ప్రొపెల్లర్ విప్పేసి, స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ గదిలో పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, 4 నిమిషాలు నడపాలి. నీళ్లు పీల్చుకునే చోట హోస్ తగిలించి ధార వదిలాకే తాళం తిప్పాలి. నీళ్లు లేకుండా తిప్పితే పంపు లోపలి రబ్బరు కొద్ది సెకన్లలోనే మాడిపోతుంది.

ఐడిల్‌లో కాలు నిటారుగా ఉంచి వినండి. తర్వాత స్టీరింగ్ నెమ్మదిగా ఎడమకు చివరిదాకా, మళ్లీ కుడికి తిప్పండి. తిప్పేకొద్దీ గరగర పెరిగితే మొదటి అనుమానం గింబల్ బేరింగే. ఒక లయలో టకటకమంటే జాయింట్లు. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే కాస్త టకటకలాడితే అది మామూలే, భయపడనక్కర్లేదు. ఎటు తిప్పినా తేడా లేకపోతే కప్లర్, ఇంజిన్ వైపు వెతకాలి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను గోడ దగ్గరి లోహానికి ఆనించి, పిడిని చెవికి దగ్గరగా పెట్టుకుంటే ఎక్కడిదో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తిరిగే బెల్టులకు దూరంగా ఉండి, ఈ పని నాన్నే చేయాలి.

అనుమానం బేరింగ్ మీదికే పోతే కాలు విప్పక తప్పదు. బరువైన పని, ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. విప్పాక బేరింగ్ లోపల వేలు పెట్టి తిప్పి చూడండి. మంచిదైతే గ్రీజు నిండుగా, మెత్తగా తిరుగుతుంది. పాడైనదైతే లోపల ఇసుక పడ్డట్టు వేలికి గరుకుగా తగులుతుంది, ఒక్కోసారి తుప్పు రంగు నీళ్లు కూడా కారతాయి. ఆ నీళ్లు కనిపిస్తే బెలోస్ మడతలు ఒక్కొక్కటీ విప్పదీసి టార్చి వేసి చూడాలి. చిరుగు ఎక్కువగా మడత లోపలే దాక్కుంటుంది. బెలోస్ అలాగే వదిలేసి బేరింగ్ ఒక్కటే మార్చితే కొత్తది కూడా తుప్పు పట్టడం ఖాయం.

బెలోస్ బాగానే ఉంటే ఇంజిన్ వరస చూడాలి. ఇంజిన్ కొద్దిగా కిందికి దిగినా షాఫ్టు వంకరగా ఒత్తి బేరింగ్‌ను తినేస్తుంది. దీనికోసం అలైన్‌మెంట్ బార్ అని ఓ పొడుగాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. బేరింగ్‌లోంచి కప్లర్‌లోకి అది బలవంతం లేకుండా దూరాలి. ఈ పని చేయకుండానే కాలు ఎక్కించేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గేర్ ఆయిల్ కూడా తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. అడుగు బోల్టుకుండే అయస్కాంతం మీద సన్నటి బూడిదరంగు పేస్టు ఉంటే పర్వాలేదు. గోటికి గుచ్చుకునే ముక్కలుంటే మాత్రం గేర్లు అరుగుతున్నట్టే. అప్పుడు పడవ నీళ్లలోకి దించొద్దు.

ఈ శనివారం నాన్నను కూర్చోబెట్టి నిటారుగా, ఎడమకు, కుడికి తిప్పినప్పటి మోతను ఫోన్లో విడివిడిగా రికార్డు చేయండి. ఏది ఏదో ముందే నోటితో చెప్పి రికార్డు చేసి, ఆయిల్ ఫోటోతో కలిపి పంపండి. కాలు విప్పాలో వద్దో వినగానే చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య