పోస్టు పెట్టడం ఐదు నిమిషాల పనేనా? పీఆర్, సోషల్ మీడియా పని మీద అపోహలు - వాస్తవాలు

నేను చేసే పనేమిటో మా మేనత్తకి ఇప్పటికీ అంతుపట్టలేదు. మొన్న ఒక పెళ్లిలో పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "ఏటమ్మా, ఫోన్లో ఫొటోలెట్టడానికి కూడా డబ్బులిస్తారేటి?" ఇస్తారత్తా, కాకపోతే ఆలస్యంగా ఇస్తారు అన్నాను.

విజయనగరంలో పదకొండేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. రెండు బట్టల దుకాణాలు, ఒక కాలేజీ, ఒక ప్రైవేటు ఆస్పత్రి. వీళ్ల పేజీలు చూడటం, ప్రెస్ నోట్లు రాయడం, ప్రెస్ మీట్ ఉంటే కుర్చీల నుంచి టిఫిన్ల దాకా చూసుకోవడం. అత్తని అనుకుని ఏం లాభం? నాకు డబ్బులిచ్చేవాళ్లలోనే సగం మందికి ఈ పని మీద ఉన్న అభిప్రాయాలు అలాగే ఉంటాయి. తరచూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫోన్ ఉంటే చాలు, ఎవరైనా చేస్తారు.

వాస్తవం: బటన్ నొక్కడం ఎవరైనా చేస్తారు, నిజమే. దానికి ముందు జరిగేది చూడండి. దుకాణం వాళ్లు ఫ్లెక్సీ షాపులో కొట్టించిన మ్యాటర్‌నే నాకు పంపిస్తారు. అది అను ఫాంట్‌లో, అంటే అచ్చు పనికి వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్‌లో ఉంటుంది. తెచ్చి ఫేస్‌బుక్‌లో అతికిస్తే తెలుగు మాయమై, ఇంగ్లిషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలిసిన పిచ్చిరాత వస్తుంది. దాన్ని ఫోన్లలో, నెట్‌లో కనబడే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని నమ్మి చదవకుండా పెట్టేసిన రోజున 'పట్టు వస్త్రాలు' కాస్తా 'పట్టు వస్తాలు' అయింది. కింద ఒకాయన "ఎప్పుడు వస్తారు?" అని కామెంట్ పెట్టాడు. పేపరు వాళ్లలో కొందరు అదే మ్యాటర్ మళ్లీ అనులో కావాలంటారు. ఒకే ముక్కని రెండుసార్లు దిద్దుకోవాలన్నమాట.

అసలు టైమంతా పోయేది యజమానిని ప్రశ్నలడగడంలో. 'యాభై శాతం తగ్గింపు' అంటారు. అన్నిటి మీదా? కాదు, పాత స్టాకు మీదే. ఆ మాట పోస్టులో రాద్దామంటే ముఖం మాడుతుంది. రాయకపోతే శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చినావిడ కౌంటర్ దగ్గర మండిపడుతుంది. ఆ మంట సాయంత్రానికి పేజీ మీదకి వస్తుంది. దానికి జవాబు చెప్పాల్సింది నేను.

అపోహ: ఫాలోవర్లు పెరిగితే గిరాకీ పెరుగుతుంది.

వాస్తవం: ఒక యజమాని నాకు చెప్పకుండా ఇరవై వేల మంది ఫాలోవర్లని కొనుక్కున్నారు. రాత్రికి రాత్రి అంకె చూసి మురిసిపోయి, స్వీటు డబ్బా కూడా పంపారు. ఇలా కొన్న ఖాతాల్లో మనుషులుండరు. పోస్టుని ముందు కొద్దిమందికి చూపించి, వాళ్లు లైకో కామెంటో పెడితేనే మిగతావాళ్లకి చూపించడం ఈ యాప్‌ల పద్ధతి. ఆ కొద్దిమందిలో ఈ బొమ్మ ఖాతాలు పడితే చప్పుడే ఉండదు. దాంతో అంతకుముందు చూసే అసలు జనానికి కూడా మన పోస్టులు కనబడటం మానేశాయి. ఆర్నెల్లు తంటాలు పడి, చివరికి కొత్త పేజీ తెరిచాం. స్వీటు డబ్బా మాత్రం అసలుదే.

అపోహ: మన ఊరి పేజీని మన ఊరివాళ్లే చూస్తారు.

వాస్తవం: నేను చూసే పేజీలకి రాత్రి తొమ్మిది దాటాకే ఊపు వస్తుంది. అప్పటికి ఊళ్లో సగం మంది భోంచేసి పడుకుని ఉంటారు. చూసేది హైదరాబాద్‌లో డ్యూటీ దిగినవాళ్లు, చెన్నైలో భవనాల పనికెళ్లినవాళ్లు, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్ల మీద ఉన్న మన తీరం కుర్రాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు. మా ఊరి మూడు లాంతర్ల సెంటర్ దగ్గర తీసిన ఫొటో పెడితే చీరని ఎవరూ చూడరు. "వెనకాల మా మావయ్య కొట్టు" అంటారు. వాళ్లు వచ్చి కొనరు కదా అంటారు యజమానులు. కొనరు, కానీ పండక్కి ముందు ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, ఫలానా షాపులో చూడు" అని చెప్పేది వాళ్లే.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది తిత్లీ తుపానప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకి ఒరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు కలవవు. కాలేజీ పేజీలో మామూలు పోస్టులన్నీ ఆపేశాం. ఆ పేజీకి వచ్చిన మెసేజ్‌లన్నీ ఒకటే తీరు: "మాది మందస దగ్గర. అమ్మ ఫోన్ కలవడం లేదు. అటు ఎవరైనా వెళ్లారా?" పంపింది చెన్నై నుంచి, బెంగళూరు నుంచి. తుపానులో చిక్కుకున్నవాళ్లకి మన పోస్టు ఎలాగూ చేరదు, బయట ఉన్న బిడ్డలకి చేరుతుంది. అందుకని ఆ ఊళ్ల విద్యార్థుల్లో వెళ్లి వచ్చినవాళ్లు కళ్లారా చూసి చెప్పింది మాత్రమే, ఊరి పేరుతో, టైముతో సహా పెట్టాం. అదే రోజుల్లో 2014 నాటి హుద్‌హుద్ తుపాను ఫొటోలు తిత్లీ పేరుతో నాకే ఎన్నో వచ్చాయి. ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి ప్రకటించింది ఆ ఏడాది జులైలోనే. మన దగ్గర ఐదు గ్రూపులు చాలు, జిల్లా చుట్టి రావడానికి.

అపోహ: చెడ్డ కామెంట్ వస్తే డిలీట్ చేసేస్తే సరి.

వాస్తవం: ఒక రాత్రి పదకొండు గంటలకి ఆస్పత్రి పేజీలో కామెంట్ పడింది. "మా నాన్నగారిని మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. అడిగితే కసిరారు." నేను చూసేలోపే ఆస్పత్రిలో ఎవరో తీసేశారు, ఆయన్ని బ్లాక్ కూడా చేశారు. తెల్లారేసరికి ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ వార్డు గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, కులసంఘం గ్రూపులో తిరుగుతోంది. మా ఇంటికి పాలు పోసేవాడు కూడా దాని గురించే అడిగాడు. పెద్ద నగరంలో అయితే కోపంతో రాసినాయన ఎవరో మనకి తెలీదు. ఇక్కడ ఆయన బావమరిది మన పక్క వీధిలోనే ఉంటాడు.

డాక్టరుగారు "ఖండన రాయమ్మా" అన్నారు. ముందు ఆ రాత్రి రిజిస్టరు చూపించమన్నాను. మూడు గంటలు కాదు, రెండుంపావు. ఆ తేడా పట్టుకుని వాదించాలని అందరికీ ఉబలాటం. నేను ఒప్పుకోలేదు. బ్లాక్ తీయించి, డాక్టరుగారి చేతే ఫోన్ చేయించాను. కామెంట్ పెట్టినాయన మొదటి ఐదు నిమిషాలు తిట్టాడు, తర్వాత నాన్నగారి షుగర్ సంగతి చెప్పుకొచ్చాడు. పేజీలో నాలుగు వాక్యాలు పెట్టాం: ఆ రాత్రి డ్యూటీలో ఒక్క డాక్టరే ఉన్నారు, ఆలస్యం నిజం, కసరడం తప్పు, రాత్రిపూట రెండో డాక్టరు ఫలానా తేదీ నుంచి ఉంటారు. స్క్రీన్‌షాట్ వెనక్కి రాలేదు గానీ, దాని వెంట మా జవాబు కూడా తిరిగింది. బూతులు, కులం పేరుతో తిట్లు, పేషెంట్ల వివరాలు ఉంటే మాత్రం నేను ఒక్క క్షణం ఆలోచించను, తీసేస్తాను.

అపోహ: పీఆర్ అంటే తప్పులు కప్పిపుచ్చడం, విలేకరులకి కవర్లివ్వడం.

వాస్తవం: కవర్లిచ్చేవాళ్లు లేరని నేను అబద్ధం చెప్పను. కానీ ప్రెస్ నోట్ పుట్టుక గురించి ఎక్కువమంది చెప్పే కథే వేరు. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీంచి నీళ్లలో పడిపోయి, యాభైమందికి పైగా చనిపోయారు. ఆ రైల్వే కంపెనీకి పీఆర్ పని చేస్తున్న ఐవీ లీ అనే ఆయన, విలేకరులకి తలుపులు మూయించకుండా, జరిగింది ఇదీ అని కంపెనీ చేతే ప్రకటన ఇప్పించాడు. నేను ఆస్పత్రి వాళ్లకి చెప్పిందీ అదే. చెడ్డ వార్త మన నోట ముందు రావాలి.

ఇక విలేకరుల సంగతి. మండలాల్లో రాసేవాళ్లకి చాలాచోట్ల జీతం ఉండదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బులే. పైగా పండగలకి యాడ్ టార్గెట్లు. వాళ్లకి మన దగ్గర కావాల్సింది సాయంత్రం నాలుగులోపు అందే నోటు, ఫొటోలో ఎవరెవరున్నారో ఎడమ నుంచి వరసగా పేర్లు, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి. ఈ మూడూ ఇస్తే నా అనుభవంలో కవరు ఊసే రాలేదు.

అపోహ: పేపర్లు ఇప్పుడెవరు చదువుతున్నారు?

వాస్తవం: జిల్లా పేజీలో ఫొటో పడ్డ రోజు మా క్లయింట్ల వాట్సాప్ స్టేటస్‌లు చూడండి.

అపోహ: 'ఇది ప్రమోషన్' అని చెబితే ఎవరూ నమ్మరు, చెప్పకపోతేనే మేలు.

వాస్తవం: చెప్పడం మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. డబ్బో, వస్తువో, ఉచిత భోజనమో తీసుకుని పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా తెలిసేలా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. బిర్యానీ వీడియోలు తీసే మన కుర్రాళ్లకి ఈ మాట చెబితే "మనదాకా వస్తుందా అక్కా" అని నవ్వుతారు.

బిర్యానీతో పోయేది ఒక పూట భోజనం. మందుల దగ్గర అలా కాదు. ఒకాయన కిడ్నీ జబ్బు పూర్తిగా పోగొట్టే పొడి అంటూ నా దగ్గరికి వచ్చారు. నెలకి నాకు మూడు క్లయింట్లు కలిపి ఇచ్చేంత ఇస్తానన్నారు. పోస్టులు ఏ ఊళ్లవాళ్లకి చూపించాలో రాసుకొచ్చారు కూడా: కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు. ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లున్న ఉద్దానం అది. షుగర్, క్యాన్సర్, కిడ్నీలో రాళ్లలాంటివి నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం అని చెప్పి పంపించేశాను. నిజానికి చట్టం గుర్తొచ్చింది తర్వాత. ముందు ఆ ఊళ్ల పేర్లు చదివి ఒళ్లు మండింది.

అపోహ: ఇంట్లో కూర్చుని చేసుకునే హాయైన ఉద్యోగం.

వాస్తవం: ఏప్రిల్ 21 జాతీయ పౌర సంబంధాల దినోత్సవం. ఆ రోజు కూడా నాకు సెలవుండదు. అందరికీ పండగైతే మాకు అదే పెద్ద పనిరోజు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పొడవాటి మాను చివర పూజారిగారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఫోన్ అడ్డు లేకుండా సిరిమానుని చూడలేదు. అంత జనంలో నెట్‌వర్క్ నిలవదు. కిందటి ఏడు తెలిసినవాళ్ల డాబా ఎక్కి, వాళ్ల ఇంటి వైఫై మీద లైవ్ పెట్టాను. సిరిమానుకి ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు వెళ్లాయి. సిరిమాను కోట వైపు కదులుతోంది. ఇంతలో వెరావల్ నుంచి కామెంట్: "అక్కా, కాస్త పైకెత్తు, పూజారిగారు కనబడట్లేదు." రెండు చేతులా ఫోన్ పైకెత్తాను. పక్క డాబా మీంచి ఎవరో భక్తులు సిరిమాను మీదకి విసిరిన అరటిపండు గురి తప్పి నా మోచేతికి తగిలింది. లైవ్‌లో బొమ్మ ఒక్కసారి ఊగింది. "ఏటైంది అక్కా?" అని వరసగా పదిమంది.