ఖైదీలకు కాలేజీ చదువు: అమెరికా ఎందుకు ఆపింది, మళ్లీ ఎందుకు ఇచ్చింది

2015 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్టర్న్ జైల్లో ఒక డిబేట్ జరిగింది. ఒకవైపు హార్వర్డ్ విద్యార్థులు, ఇంకోవైపు ముగ్గురు ఖైదీలు. ఖైదీలకు ఇంటర్నెట్ లేదు. ఏ పుస్తకం కావాలన్నా జైలు అధికారులు సరేనంటేనే చేతికొస్తుంది, దానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. పైగా, పత్రాలు లేని వలస పిల్లలను చేర్చుకోబోమనే హక్కు ప్రభుత్వ బడులకు ఉండాలని వాదించడం వాళ్ల వంతుకు వచ్చింది. అది వాళ్లకే నచ్చని వాదన. అయినా గెలిచింది ఖైదీలే.

వాళ్లు బార్డ్ కాలేజీ జైల్లో నడిపే తరగతుల విద్యార్థులు. ఆ తరగతులు ఎక్కువగా విరాళాల మీదే నడిచేవి. ప్రభుత్వ సాయం 1994లోనే ఆగిపోయింది మరి.

పేద విద్యార్థులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ దాదాపు మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిది, తిరిగి కట్టక్కర్లేదు. 1972లో మొదలైన ఈ సాయం ఖైదీలకూ అందేది. అంతకు ముందు ఏడాదే అట్టికా జైలు తిరుగుబాటులో 43 మంది చనిపోయారు. అప్పటి ఖైదీల డిమాండ్లలో తిండి, వైద్యంతో పాటు చదువు కూడా ఉంది. గ్రాంట్ అండతో వందల జైళ్లలో కాలేజీ క్లాసులు వచ్చాయి.

1990ల్లో నేరాల భయం ముదిరింది. "నా బిడ్డ చదువుకు నేను అప్పు చేయాలా, దొంగకు మాత్రం ఉచితమా?" అన్న ప్రశ్న బలంగా వినిపించింది. ఆ తల్లిదండ్రుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ లెక్క వేరే ఉంది. 1993-94లో గ్రాంట్ పొందిన సుమారు 40 లక్షల మందిలో ఖైదీలు దాదాపు 23,000 మందే, డబ్బులో 1 శాతం కూడా కాదు. వాళ్ల వల్ల బయట అర్హులెవరికీ గ్రాంట్ ఆగలేదు. అయినా 1994 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో నేరాల చట్టం వచ్చింది, ఖైదీలకు గ్రాంట్ పోయింది. కొన్నేళ్లలోనే చాలా క్లాసులు మూతపడ్డాయి.

2013లో రాండ్ అనే పరిశోధన సంస్థ పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. జైల్లో ఏ స్థాయిలోనైనా చదువుకున్నవాళ్లు విడుదలయ్యాక మళ్లీ నేరాల దారి పట్టే అవకాశం 43 శాతం తక్కువని తేలింది. చదువుకు పెట్టే ప్రతి డాలర్‌కూ జైలు ఖర్చులో 4, 5 డాలర్లు మిగులుతాయని కూడా లెక్కగట్టింది.

2015లో ఒబామా ప్రభుత్వం ప్రయోగంగా కొన్ని కాలేజీల ద్వారా ఖైదీలకు మళ్లీ గ్రాంట్ ఇస్తామని ప్రకటించింది. 2020 డిసెంబర్‌లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) నిషేధాన్నే ఎత్తేసింది. అమలు 2023 జూలై 1 నుంచి. 1994లో 20 ఏళ్లకు జైలుకెళ్లిన కుర్రాడికి అప్పటికి 49. ఈసారి లాభాల కోసం నడిచే కాలేజీలను చట్టం దూరం పెట్టింది. కోర్సులకు జైళ్ల శాఖ ఒప్పుకోవాలి, కాలేజీ మొదట పెట్టే కోర్సులకు విద్యాశాఖ అనుమతి కూడా కావాలి.