షెంగెన్ వీసా: నేను తరచుగా వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఐరోపా విహారయాత్రకు వెళ్లేవారి పత్రాలను సరిచూసి వీసా దరఖాస్తులు సిద్ధం చేయడం హైదరాబాదులో నా వృత్తి. ఐరోపాలోని 29 దేశాల ఉమ్మడి ప్రాంతమైన షెంగెన్‌లో కొద్ది రోజులు తిరగడానికి ఇచ్చే ఒకే వీసాను షెంగెన్ వీసా అంటారు. వీసా రానివారి కంటే, వచ్చిన వీసాను సరిగా చదువుకోక చిక్కుల్లో పడేవారిని చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. అందుకే ముందుగా పాస్‌పోర్టులో అంటించే వీసా స్టిక్కరు సంగతే చెబుతాను.

అపోహ: స్టిక్కరు మీద ఉన్న ఆఖరి తేదీ వరకు అక్కడ ఉండవచ్చు.

వాస్తవం: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఎన్నిసార్లు లోపలికి వెళ్లవచ్చు, మొత్తం ఎన్ని రోజులు ఉండవచ్చు అనే మూడు వివరాలను కలిపి చదవాలి. ప్రయాణం కాస్త ముందువెనుకలైనా ఇబ్బంది రాకూడదని సాధారణంగా 15 రోజుల వెసులుబాటు కలిపి తేదీలు ఇస్తారు కనుక, తేదీల మధ్య 27 రోజులు కనిపించినా ఉండనిచ్చేది 12 రోజులే కావచ్చు. దిగిన రోజు, తిరిగి బయలుదేరిన రోజు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఒక పెద్దాయన వీసా చేతికి రాగానే తిరుగు టికెట్టును మూడు రోజుల తరువాతి తేదీకి మార్పించుకుని వచ్చారు. పాస్‌పోర్టు తెరిచి, 12 అనే అంకె మీద వేలు పెట్టి చూపించాక గానీ ఆయనకు విషయం అర్థం కాలేదు. పాపం, టికెట్టు మార్పు రుసుము రెండోసారి కట్టుకోవలసి వచ్చింది.

ప్రవేశాల గడిలో 1 అని ఉంటే పారిస్ చూసుకుని, లండన్‌లో ఉన్న అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులు గడిపి, అక్కడి నుంచి రోమ్ వెళ్లడం కుదరదు. బ్రిటన్, ఐర్లాండ్ షెంగెన్ ప్రాంతంలో లేవు కనుక పారిస్ నుంచి లండన్‌కు బయలుదేరడంతోనే ఆ ఒక్క ప్రవేశం పూర్తయిపోతుంది. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం లేని స్విట్జర్లాండ్ మాత్రం ఆ 29 దేశాల్లో ఉంది.

అపోహ: 90 రోజులు ఉండి, వారం రోజులు బయటకు వెళ్లివస్తే మళ్లీ 90 రోజులు దొరుకుతాయి.

వాస్తవం: జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల వీసా ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. అయితే రెండేళ్ల వీసా అంటే రెండేళ్ల నివాసం కాదు. అక్కడ గడిపే ప్రతి రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెడితే, అందులో మీరు ఉన్న రోజులు 90 దాటకూడదు. ఏప్రిల్ 1న దిగి జూన్ 29 వరకు ఉన్నవారు మళ్లీ సెప్టెంబరు 28న గానీ, ఆ తరువాత గానీ మాత్రమే అడుగుపెట్టగలరు. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను కంప్యూటరులో నమోదు చేసే విధానం మొదలైంది కనుక, పాస్‌పోర్టు ముద్ర సరిగా కనిపించకపోతే ఎవరూ గమనించరులే అనుకోవడం పొరపాటు.

అపోహ: వీసా సులువుగా ఇచ్చే దేశానికి దరఖాస్తు పెట్టి, ఎక్కడికైనా వెళ్లవచ్చు.

వాస్తవం: ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు పెట్టాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. ఉత్తుత్తి హోటల్ బుకింగులు చూపించి తెచ్చుకున్న వీసాను సరిహద్దులోనైనా రద్దు చేయవచ్చు.

అపోహ: దరఖాస్తుకు ముందు ఖాతాలో పెద్ద మొత్తం వేస్తే చాలు.

వాస్తవం: అధికారులు చూసేది నిల్వను మాత్రమే కాదు, కొన్ని నెలలుగా ఖాతాలోకి ఏం వస్తోంది, ఏం పోతోంది అన్నదాన్ని కూడా. నెలకు నలభై వేల జీతం పడే ఖాతాలో హఠాత్తుగా ఐదు లక్షలు కనిపిస్తే, అది ఎక్కడిదన్న ప్రశ్నే ముందుగా వస్తుంది. పొలం అమ్మిన డబ్బో, మెచ్యూర్ అయిన డిపాజిట్టో అయితే ఆ కాగితం జతచేసి రెండు వాక్యాల్లో వివరణ రాయండి.

అపోహ: కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాత తిరస్కరణ తెలియదు.

వాస్తవం: మీ పది వేలిముద్రలు, పాత దరఖాస్తు వివరాలు షెంగెన్ దేశాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న వీసా వ్యవస్థలో ఐదేళ్లు ఉంటాయి. తిరస్కరణ జరిగినంత మాత్రాన దారి మూసుకుపోదు. లేఖలో ఏ కారణానికి టిక్కు పెట్టారో చూసి, ఆ లోపాన్ని సరిదిద్ది మళ్లీ పెట్టుకోవచ్చు, అప్పీలుకూ హక్కు ఉంటుంది. నిజం దాచడమే అసలు నష్టం.

అపోహ: వీసా ఉంటే విమానాశ్రయంలో ఏమీ అడగరు.

వాస్తవం: తిరుగు టికెట్టు, బస, ఖర్చులకు డబ్బు చూపించమని అడిగే అధికారం, సంతృప్తి కలగకపోతే వెనక్కి పంపే అధికారం సరిహద్దు అధికారికి ఉన్నాయి. ఈ కాగితాలతో పాటు కనీసం 30,000 యూరోల వైద్య బీమా పత్రాన్ని కూడా చేతి సంచీలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టెలో సర్దినవి ఇమిగ్రేషన్ వరుస దాటిన తరువాతే మీ చేతికి వస్తాయి.