నిమిషానికి 3 మిల్లీమీటర్లు

చదువుతున్న పేజీలో ఒక అక్షరం కనబడదు. దాని పక్కవి కనబడతాయి, పై వరుసా కింది వరుసా కనబడతాయి, ఆ ఒక్కచోట మాత్రం ఏమీ ఉండదు. నల్లమచ్చ కూడా కాదు, అసలు అక్కడ చూపే లేదు. కళ్లు నులుముకున్నా పోదు. కుడికన్ను మూసినా, ఎడమకన్ను మూసినా అక్కడే ఉంటుంది. కాసేపటికి దాని అంచున ఒక మెరుపుగీత మొలుస్తుంది, రంపపు పళ్లలా వంకర్లు తిరుగుతూ, మిణుకుమిణుకుమంటూ. అది నెలవంకలా పెరిగి, మెల్లగా పక్కకు జరిగి, ఇరవై ముప్పై నిమిషాల్లో చూపు అంచు దాటి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కణత దగ్గర నొప్పి మొదలవుతుంది. మైగ్రేన్ తలనొప్పి కొందరికి ఇలాగే వస్తుంది.

కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకు ఇలాంటివి తరచూ వచ్చేవి. ఇంకొకరైతే తలుపులు వేసుకుని పడుకునేవారు. ఆయన కాగితం ముందు పెట్టుకుని, ఆ మచ్చ అంచు ఏ నిమిషానికి ఎక్కడిదాకా వచ్చిందో గీసుకున్నారు. మనం చూసేదానిలో ఏ భాగం మెదడు వెనకవైపున ఏ చోట నమోదవుతుందో ఆయనకు తెలుసు. గీతల్ని ఆ కొలతల్లోకి మార్చి చూస్తే, మెదడు పైపొర మీద ఏదో ఒకటి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతున్నట్టు తేలింది. ఇది 1941 నాటి మాట. మూడేళ్ల తర్వాత బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టైడెస్ లియావో ఫిట్స్ గురించి కుందేళ్ల మీద పరిశోధన చేస్తూ, మెదడు కణాల విద్యుత్ చప్పుడు ఒకచోట ఆగిపోయి, ఆ నిశ్శబ్దం చుట్టుపక్కలకు అలలా వ్యాపించడం గమనించారు. దాని నడక కూడా అంతే! చివరికి 2001లో, మెరుపులు కనబడుతున్న మనిషి మెదడునే స్కానింగ్‌లో చూస్తే, నిమిషానికి 3.5 మిల్లీమీటర్లని వచ్చింది. ఇరవై నిమిషాలకు ఆరేడు సెంటీమీటర్లు. చీమ కొద్ది సెకన్లలో దాటేసే దూరం.

ఈ మెరుపుల దశను ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇది రాదు. అయినా దీనితో మొదలుపెట్టడానికి కారణముంది. తలనొప్పి అనగానే మనం ‘ఎక్కడ’ అని అడుగుతాం. పార్శ్వపు నొప్పి అన్న మన పేరూ, మైగ్రేన్‌కు మూలమైన ‘సగం పుర్రె’ అన్న గ్రీకు మాటా చోటునే పట్టుకున్నాయి. కానీ మైగ్రేన్ రెండువైపులా రావచ్చు, మెడలో మొదలవచ్చు, ముక్కు పక్కన వచ్చి సైనస్ అనిపించవచ్చు. సైనస్ తలనొప్పి అని తమకు తామే తేల్చుకున్నవాళ్లలో చాలామందికి ఉన్నది నిజానికి మైగ్రేనే. చోటుకన్నా గడియారం ఎక్కువ నిజం చెబుతుంది.

మైగ్రేన్‌ను తేల్చే రక్తపరీక్ష లేదు. స్కాన్ తీసేది వేరే జబ్బు లేదని చూసుకోవడానికే. డాక్టరు చేతిలో ఉన్నవి ప్రశ్నలు మాత్రమే, వాటిలో మొదటిది ‘ఎంతసేపు?’ మందు వేసుకోకుండా వదిలేస్తే 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉండేది మైగ్రేన్. కొట్టుకుంటున్నట్టు నొప్పి, వికారం, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం, మెట్లెక్కితే ఎక్కువవడం దాని గుర్తులు. తలచుట్టూ తాడు బిగించినట్టుండి, పని ఆపనక్కర్లేకుండానే సాగిపోయేది టెన్షన్ తలనొప్పి. అది అరగంటలో పోవచ్చు, వారం రోజులూ ఉండవచ్చు. పేరులో టెన్షన్ ఉందని మనసులో దిగులుంటేనే వస్తుందనుకోవద్దు.

ఇక క్లస్టర్ తలనొప్పి. అరుదైనదే గానీ, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. 15 నిమిషాల నుంచి 3 గంటలు. వచ్చినప్పుడల్లా ఒక కంటి చుట్టూనే. ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంది, ఆ వైపు ముక్కు మూసుకుపోతుంది, రెప్ప వాలిపోతుంది. మైగ్రేన్ మనిషి చీకటిగదిలో కదలకుండా పడుకుంటే, ఈ మనిషి పడుకోలేడు. గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, తలపట్టుకుని ఊగుతాడు, గోడకు తల కొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చాలామందిలో రోజూ ఒకే వేళకు, అలారం పెట్టినట్టు, నిద్రలోంచి లేపుతుంది. కొన్ని వారాలు ఇలా సాగి, నెలల తరబడి మాయమవుతుంది. మెదడు లోతున నిద్రనూ ఆకలినీ నడిపే హైపోథాలమస్‌కు ఇందులో హస్తముందని స్కాన్లు చూపించాయి. దీనికి మామూలు నొప్పిమాత్రలు ఎందుకూ పనికిరావు, అవి రక్తంలో కలిసేలోపు చాలాసార్లు నొప్పే పోతుంది. పనిచేసేది ఆక్సిజన్. మాస్క్ పెట్టి నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఓ పావుగంట పీలిస్తే చాలామందికి నొప్పి దిగుతుంది. ఇంత సులువైన మందు ఉండి కూడా, జబ్బు పేరు తెలియక, పంటినొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవాళ్లున్నారంటే బాధేస్తుంది.

ఒక్క నిమిషం లోపే తారస్థాయికి చేరే తలనొప్పి వీటన్నిటికీ బయటిది. అది మెదడులో రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోయినా, 50 ఏళ్లు దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనా, తలకు దెబ్బ తగిలాక వచ్చినా ఆలస్యం చేయకూడదు. పక్షవాతానికీ ఆరాకూ తేడా కూడా నడకలోనే ఉంది. ఆరా అంటే మెరుపులే కాదు, కొందరికి తిమ్మిరిగా కూడా వస్తుంది. ఆ తిమ్మిరి వేళ్ల దగ్గర మొదలై, చేయి పైకి పాకి, పది ఇరవై నిమిషాలకు పెదవిని చేరుతుంది. పక్షవాతంలో మామూలుగా అన్నీ ఒక్కసారే పడిపోతాయి. అలాగని మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో గడియారం చూస్తూ కూర్చోవద్దు, అది తేల్చాల్సింది డాక్టరే.

మైగ్రేన్ నొప్పితో మొదలవదు. ముందురోజే ఆవులింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాటిమాటికీ మూత్రం, తీపి మీదికి మనసు పోవడం కనిపిస్తాయి. 2016లో జర్మనీ పరిశోధకులు ఒకే ఒక్క రోగికి 30 రోజులు రోజూ స్కాన్ తీశారు. నొప్పికి ముందురోజు హైపోథాలమస్ తీరు మారుతున్నట్టు కనబడింది. దీన్నిబట్టి చాక్లెట్ మీద వేసిన నింద కొంత అన్యాయమేమో అనిపిస్తుంది. చాక్లెట్ తిన్నందుకు తలనొప్పి వచ్చిందా, తలనొప్పి రాబోతున్నందుకు చాక్లెట్ తినాలనిపించిందా? చాలామంది విషయంలో రెండోదే కావచ్చు. పస్తులుండటం, నిద్ర తప్పడం, నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం మాత్రం గట్టి కారణాలే. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా రావడానికి ఆ హార్మోను ఒక కారణం. ఆరా వచ్చే స్త్రీలు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ సంగతి డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పాలి.

మెదడుకు నొప్పి తెలియదు. నొప్పెట్టేవి దాన్ని చుట్టిన పొరలు, వాటిలోని రక్తనాళాలు. ముఖం నుంచీ ఆ పొరల నుంచీ కబురు మోసే ట్రైజెమినల్ నరం కొసల్లోంచి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్ విడుదలవుతుంది. మైగ్రేన్ సమయంలో మెడ సిర రక్తంలో అది పెరుగుతుందని గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ అనే శాస్త్రవేత్తలు 1990లో చూపించారు. అప్పటిదాకా రక్తనాళాలు ఉబ్బడమే రోగమనుకునేవారు. 1991లో వచ్చిన సుమాట్రిప్టాన్ అనే మైగ్రేన్ మందును నాళాలు ముడుచుకోవాలనే తయారుచేశారు. అది ఆ ప్రోటీన్ విడుదలను కూడా ఆపుతుందని తర్వాత తెలిసింది. సీజీఆర్‌పీని అడ్డుకోవడానికే పుట్టిన ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి, తర్వాత మాత్రలూ వచ్చాయి. ఈ దారి వేసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో, మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

మందు విషయంలోనూ వేళే ముఖ్యం. ‘ఇంకాస్త చూద్దాం’ అని ఓర్చుకుని, నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర అంత బాగా పనిచేయదు. మైగ్రేన్‌లో కడుపు మందగిస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది. వాంతి ఆపే మందు కలిపితే మేలు. ఐబుప్రొఫెన్ లాంటివి చాలకపోతే సుమాట్రిప్టాన్ కోవకు చెందిన ట్రిప్టాన్లు ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు అవి పనికిరావు.

మరి తొందరగా వేసుకోమన్నారు కదా అని రోజూ వేసుకుంటే? నా మటుకు, తలనొప్పి కథలో అందరికీ తెలియాల్సింది ఇదే. మామూలు నొప్పిమాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మందే తలనొప్పిని పుట్టించవచ్చు. మాత్ర వేస్తే తగ్గుతుంది, దిగగానే మళ్లీ వస్తుంది, మళ్లీ మాత్ర. లెక్కపెట్టాల్సింది మాత్రల్ని కాదు, మాత్ర వేసుకున్న రోజుల్ని. ఆపిన కొత్తలో నొప్పి ఎక్కువవుతుంది. ఆ రోజులు గట్టెక్కడానికి డాక్టరు తోడుండాలి.

నెలకు నాలుగైదు రోజులు పోతున్నాయంటే రాకుండా ఆపే మందుల గురించి మాట్లాడాలి. వాటిలో చాలావరకు వేరే జబ్బు నుంచి అరువొచ్చినవే. ప్రొప్రనొలాల్ గుండెది, అమిట్రిప్టిలిన్ దిగులుది, టోపిరమేట్ ఫిట్స్‌ది. ‘నాకు తలనొప్పయితే దిగులు మాత్ర రాశారేంటి’ అని చీటీ చించేసేవాళ్లు కొందరు, పది రోజులు వాడి గుణం లేదని మానేసేవాళ్లు ఎందరో. వీటి సంగతి తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి రోజులు సగానికి తగ్గితే వైద్యం పారినట్టే లెక్క.

ఇదంతా తేల్చడానికి ఒక క్యాలెండర్, ఒక పెన్ను చాలు. నొప్పి వచ్చిన రోజు ఒక గీత, మాత్ర వేసుకుంటే సున్నా, నెలసరి రోజులకు ఇంకో గుర్తు. నొప్పి పోయిన మర్నాడు తల దిమ్ముగా, ఒళ్లు నలిగినట్టు, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వచ్చేలా ఉంటుంది చూడండి, దాన్ని కూడా వేయాలి. అది బద్ధకం కాదు, మైగ్రేన్ చివరి దశ.